కోకో వీడియో ప్రదర్శనలో పెట్టొచ్చా? చింపాంజీలు, బొనోబోలు మన భాష ఎంతవరకు నేర్చాయి?

పద్మావతీపురం_స్రవంతి
తిరుపతిలో మా బడి సైన్స్ ప్రదర్శనకి తొమ్మిదో తరగతి పిల్లలు "జంతువులకి మన భాష వస్తుందా" అనే అంశం తీసుకున్నారు. గొరిల్లా కోకో ప్రకృతిని కాపాడమని సైగలతో చెప్పే వీడియో వాట్సాప్‌లో తిరుగుతోంది కదా, దాన్ని పెద్ద తెర మీద వేస్తామంటున్నారు. చార్టు మీద "కోకోకి 1000 సైగలు వచ్చు" అని అప్పుడే రాసేశారు. మార్కులు వేయడానికి యూనివర్సిటీ వాళ్లు వస్తారు. ఈ మాట వాళ్ల ముందు నిలబడుతుందా? లేకపోతే దాని బదులు ఏం పెట్టాలి? పిల్లలు సొంతంగా చేసి చూపించే ప్రయోగం ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి.

చంద్రగిరి_అయ్యవారు
ఆ వీడియో వద్దమ్మా. 2015లో పారిస్ వాతావరణ సదస్సు కోసం తీసింది అది. ముందు కోకోకి విషయం చెప్పి, విడివిడిగా చిత్రీకరించిన ముక్కల్ని అతికించి ఒక ఉపన్యాసంలా చేశారు. ఆ సంగతి తీసినవాళ్లే చెప్పారు. గొరిల్లాకి వాతావరణ మార్పు గురించి ఒక అభిప్రాయం ఉందనడానికి అందులో ఆధారమేమీ లేదు.

1000 సైగల లెక్క ఆమెను పెంచిన ఫ్రాన్సిన్ పాటర్సన్ బృందం చెప్పింది. 1972లో మొదలుపెట్టి 2018లో కోకో పోయేదాకా ఆ పని నడిచింది. అంత సుదీర్ఘమైన పనికి తగ్గట్టు, బయటివాళ్లు తిరగేసి సరిచూసుకునేలా ముడి రికార్డులు బయటికి రాలేదు. అందుకని ఆ అంకెను "పెంచినవాళ్లు చెప్పిన లెక్క" అని రాయొచ్చు, "వచ్చు" అని రాయకూడదు.

అసలు ప్రశ్ననే విడగొట్టాలి. ఒక గుర్తుకీ ఒక వస్తువుకీ ముడి వేసుకోవడం ఒకటి. మనం అన్న వాక్యం విని, అర్థం చేసుకుని, ఆ పని చేయడం ఇంకొకటి. గుర్తుల్ని ఒక పద్ధతిలో కూర్చి కొత్త అర్థం పుట్టించడం మరొకటి. నాలుగోది అందరూ మర్చిపోతారు: ఏమీ ఆశించకుండా, ఊరికే ఒక సంగతి చెప్పాలనిపించడం. ఈ నాలుగింటికీ జవాబులు వేరువేరు. ఒకే జవాబు చెప్పేవాళ్లు ఏ పక్షం వాళ్లయినా నమ్మొద్దు.

కాణిపాకం_కిట్టు
ఏమన్నా అయ్యవారూ, ఒక్క దెబ్బకి అంత తీసిపారేస్తే ఎట్లా? కోకో పిల్లిపిల్ల చచ్చిపోతే ఏడుపు సైగ చేసింది గదా. సైగలు నేర్చిన చింపాంజీ వాషో హంసని చూసి "నీళ్లు", "పక్షి" అని రెండు సైగలు కలిపింది. అది కొత్త మాట కాదా? మనుషులం కాబట్టి మనదే గొప్ప అనుకుంటా ఉండాం, అంతే.

సైగ_అక్క
కిట్టూ, ఆ హంస సంగతే తీసుకుందాం. వాషో ఎదురుగా నీళ్లున్నాయి, పక్షి ఉంది. "అదేంటి" అని అడిగితే నీళ్లు అని ఒక సైగ, పక్షి అని ఇంకో సైగ చేసి ఉండొచ్చు. అది "నీటిపక్షి" అనే సమాసమా, వరసగా చెప్పిన రెండు వేరు మాటలా? తేల్చాలంటే హంసను నీళ్లు లేని చోట చూపించాలి. నీళ్ల మీద తేలే వేరే వస్తువుని కూడా చూపించాలి. ఒక్కసారి జరిగినదాంతో తేలదు. వేల సైగల్లో బాగా అతికిన రెండిటిని ఏరి చెప్తే ఎవరైనా కవిలా కనిపిస్తారు.

వాషో ప్రాజెక్టుని మాత్రం చులకన చేయను. 1966లో అమెరికాలోని నెవాడా రాష్ట్రం రీనోలో అలెన్, బియాట్రిస్ గార్డ్‌నర్ దంపతులు మొదలుపెట్టారు. ఒక సైగ వచ్చినట్టు లెక్కలో రాయాలంటే వాళ్ల నియమం గట్టిది: ముగ్గురు వేరువేరు మనుషులు, ఎవరూ చేయించకుండా, సందర్భానికి తగ్గట్టు వాషో ఆ సైగ చేయడం చూడాలి. ఆ తర్వాత వరసగా 15 రోజులు రోజుకి ఒక్కసారైనా కనబడాలి. ఇలా 51 నెలల్లో 132 సైగలు లెక్కకొచ్చాయి. పరీక్షలో స్లయిడ్ బొమ్మ వాషోకి మాత్రమే కనిపించేది. ఆమె చేతుల్ని చూసి రాసేవాళ్లకి బొమ్మ కనిపించదు.

ఇబ్బంది ఎక్కడంటే, సైగభాషలో ఒక్కో సైగకి చేతి ఆకారం, చేయి పెట్టే చోటు, కదలిక, అరచేయి ఎటు తిరిగింది అనేవి ఉంటాయి. వీటిలో ఒకటి మారితే వేరే మాట అయిపోతుంది. చింపాంజీ బొటనవేలు పొట్టి, మిగతా వేళ్లు పొడుగు. చాలా ఆకారాలు సరిగ్గా పడవు. దాంతో రాసేవాళ్లు "దగ్గరగా ఉంది" అని ఒప్పుకోవడం మొదలవుతుంది. చింపాంజీలకి పుట్టుకతో వచ్చే చేష్టలున్నాయి: చేయి చాచి అడుక్కోవడం, గోక్కోవడం, చేయి విదల్చడం. వీటిని "ఇవ్వు", "చక్కిలిగింతలు", "త్వరగా" అని రాసుకుంటే పట్టిక పెరిగిపోతుంది. వాషో దగ్గర పనిచేసినవాళ్లలో పుట్టు బధిరుడు, సైగభాషే మాతృభాషగా ఉన్నతను, వినికిడి ఉన్న సహాయకుల పట్టికలు తనవాటికంటే చాలా పొడుగ్గా ఉండేవని తర్వాత చెప్పాడు. తిరుపతి బధిర పాఠశాల పిల్లలు రెండు నిమిషాలు మాట్లాడుకోవడం చూస్తే తేడా కనిపిస్తుంది. కనుబొమలు, తల వంపు, చూపు కూడా వ్యాకరణమే అక్కడ. వాషో పట్టికల్లో లెక్కపెట్టింది చేతి సైగల్ని.

ఒకటి వాషోకి అనుకూలంగా కూడా చెప్పాలి. ఆమె పెంచుకున్న లౌలిస్ అనే పిల్ల ముందు మనుషులు ఏడు సైగలు తప్ప ఇంకేవీ చేయకూడదని నియమం పెట్టుకున్నారు. అయినా అయిదేళ్లలో వాడికి 50 దాకా వచ్చాయి. అంటే ఒక చింపాంజీని చూసి ఇంకో చింపాంజీ నేర్చింది.

చంద్రగిరి_అయ్యవారు
కిట్టు అడిగినదానికి అసలు జవాబు నిమ్ అనే చింపాంజీ దగ్గరుంది. నిమ్ చింప్‌స్కీ 1973లో పుట్టాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ టెరేస్ వాడిని పెంచింది చింపాంజీకి వాక్యం వస్తుందని నిరూపించడానికే. వ్యతిరేకంగా చూపాలని మొదలుపెట్టిన పని కాదది, ఇది గుర్తుంచుకోవాలి. దాదాపు 125 సైగలు, 19,000 పైచిలుకు సైగల కూర్పులు నమోదయ్యాయి. పట్టికలో చూస్తే "ఇంకా", "ఇవ్వు" లాంటివి ముందు వస్తున్నాయి, వరస ఉంది, వ్యాకరణం ఉందనిపించింది.

తర్వాత టెరేస్ వీడియోల్ని ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాడు. మొత్తం కథ అక్కడ తిరగబడింది. నిమ్ సైగ చేసేలోపే గురువు చేతులు అదే సైగో, దానికి దగ్గరదో చేస్తున్నాయి. నిమ్ సైగల్లో నూటికి 40 దాకా గురువు అప్పుడే చేసినదాని అనుకరణలు. తనంతట తాను మొదలుపెట్టినవి 12 శాతం. మాటలు నేర్చే పిల్లల్లో అనుకరణ మొదట్లో 20 శాతం దాకా ఉండి, వయసుతో తగ్గిపోతుంది. ఎదుటివాళ్లు చెప్తుండగా నిమ్ మధ్యలో చేతులు దూర్చడం కూడా పిల్లలకంటే ఎక్కువ. వంతులవారీగా మాట్లాడుకోవడం వాడికి పట్టుబడలేదు.

ఇంకో కొలత ఉంది, పిల్లలు చార్టు మీద గీయడానికి బాగుంటుంది: ఒక్కో పలుకులో సగటున ఎన్ని మాటలు. మనుషుల పిల్లల్లో ఈ గీత నెలనెలా పైకి పోతుంది. నిమ్‌ది 1.1కీ 1.6కీ మధ్యనే తిరిగింది, సైగల సంఖ్య పెరుగుతున్నా సరే. పలుకు పొడుగైతే సమాచారం పెరగదు, మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. వాడి అతి పొడవైన పలుకు 16 సైగలది: "ఇవ్వు నారింజ నాకు ఇవ్వు తిను నారింజ నాకు తిను నారింజ ఇవ్వు నాకు తిను నారింజ ఇవ్వు నాకు నువ్వు." దీన్ని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించు స్రవంతీ. న్యాయనిర్ణేతలు అక్కడ ఆగుతారు.

ఇదంతా 1979లో సైన్స్ పత్రికలో వచ్చింది. దాంతో ఈ రంగానికి డబ్బులిచ్చేవాళ్లు చాలావరకు వెనక్కి తగ్గారు. టెరేస్ మీద కూడా న్యాయమైన విమర్శ ఉంది. నిమ్‌కి 60 మంది దాకా గురువులు మారారు. చిన్న గదిలో కూర్చోబెట్టి బొమ్మ చూపించి సైగ చేయించే తరహా పాఠాలు. అలా పెంచితే మన పిల్లలు మాత్రం ఏం మాట్లాడతారు? కానీ 2013లో భాషాశాస్త్రవేత్త చార్లెస్ యాంగ్ అదే సమాచారాన్ని గణితంతో చూశాడు. వ్యాకరణం ఉన్నవాడైతే రెండేసి మాటల్ని ఎన్ని రకాలుగా కలపాలో ముందే లెక్క వేయొచ్చు. చిన్నపిల్లల కూర్పులు ఆ లెక్కకి సరిపోయాయి. నిమ్ కూర్పుల వైవిధ్యం దానికి బాగా కిందనే ఉంది.

కాణిపాకం_కిట్టు
సరే, నిమ్‌ని పక్కన పెడదాం. కాంజీ సంగతి చెప్పండి. వాడికి ఎవురూ పాఠం చెప్పలేదు గదా.

కుప్పం_పదకోశం
కాంజీ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించాల్సిందే, ఈ రంగంలో గట్టి ఆధారం అతనిదే. 1980 అక్టోబరులో పుట్టిన బొనోబో, అంటే చింపాంజీకి దగ్గరి చుట్టమైన వానరం. పరిశోధకురాలు సూ సావేజ్-రంబో అతని పెంపుడు తల్లి మటాటాకి లెక్సిగ్రామ్‌లు, అంటే పలక మీద నొక్కే గుర్తులు, నేర్పడానికి రెండేళ్లు కష్టపడింది. మటాటాకి పెద్దగా ఎక్కలేదు. చుట్టూ గెంతుతున్న పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు. 1983లో మటాటాను కొంతకాలం వేరుచేసిన మొదటి రోజే కాంజీ 12 వేరువేరు గుర్తులతో 120 సార్లు పలక వాడాడు. గుర్తుకి బొమ్మ పోలిక ఉండదు. అరటిపండు గుర్తు అరటిపండులా కనబడదు. కాబట్టి చూసి ఊహించే వీల్లేదు.

పెద్ద పరీక్ష 1993లో అచ్చయింది. అప్పటికి ఎనిమిదేళ్ల కాంజీకీ, రెండేళ్ల ఆలియా అనే పాపకీ ఒకే 660 ఇంగ్లిష్ ఆజ్ఞలు. వీటిలో ఎక్కువ వాక్యాలకి చెప్పే మనిషి ఒకవైపు నుంచే కనబడే అద్దం వెనక ఉండేది. గదిలో ఉన్న సహాయకులు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెద్దగా పాట వినేవాళ్లు, వాళ్లకి ఆజ్ఞ ఏమిటో తెలియకుండా. వాక్యాలు అలవాటులేనివి: ఫ్రిజ్‌లో పైన్ ఆకులు పెట్టు, మైక్రోవేవ్‌లో ఉన్న క్యారెట్ తీసుకురా. ఇలాంటివి రోజూ చేసే పనులు కావు గనక అలవాటుగా సరిపోయిందనలేం. కాంజీ 72 శాతం, ఆలియా 66 శాతం సరిగ్గా చేశారు.

"గిన్నెలో నీళ్లు పోయి" అంటే గిన్నె, నీళ్లు అన్న రెండు మాటలు వినబడితే చాలు, ఇంకో రకంగా చేసే దారే లేదు. అందుకే అసలు బరువు తిరగేసిన జంటల మీద ఉంది: కోక్‌లో నిమ్మరసం పోయి, నిమ్మరసంలో కోక్ పోయి. మాటలు అవే, వరసే వేరు. కాంజీ వీటిలో కూడా ఎక్కువసార్లు సరిగ్గానే చేశాడు. మాటల వరస అతనికి పనికొచ్చింది, ఇది కాదనలేం.

ఇక పడిపోయిన చోటు. 2017లో భాషాశాస్త్రవేత్త రాబర్ట్ ట్రస్వెల్ ఇదే 660 వాక్యాల పట్టికని తిరగేసి ఒక రకం వాక్యాల్ని విడిగా లెక్కపెట్టాడు: ఫలానాదీ ఫలానాదీ ఇవ్వు. ఆలియా 68 శాతం. కాంజీ 22 శాతం. ఎక్కువసార్లు రెండిట్లో ఒక్కటే తెచ్చాడు. "కుక్కని పాము దగ్గర పెట్టు" అన్నదానిలో రెండు వస్తువులకీ రెండు వేరు పాత్రలున్నాయి, అది చేయగలిగాడు. "పాలూ, బంతీ" కలిసి ఒకే ముద్దగా మారి ఒకే పాత్ర పోషించాలి. ఆ ముద్ద కట్టడమే అతనికి రాలేదని ట్రస్వెల్ వాదన. మన వ్యాకరణాల్లో పదబంధం అనేది ఇదే. మొత్తం మార్కుల్లో పాపని దాటినవాడు ఈ ఒక్క రకంలో ఇంతగా పడిపోవడం కాకతాళీయం కాదు.

చెప్పడం విషయానికొస్తే కాంజీ పలుకుల్లో 96 శాతం అడగడాలే. సంగతి చెప్పడం 4 శాతం. అయ్యవారు చెప్పిన నాలుగో ప్రశ్నకి జవాబు ఈ అంకె. చార్టులో ఏది పెట్టినా పెట్టకపోయినా 72, 66, 22, 68, 96 ఈ అయిదూ పెట్టండి.

పద్మావతీపురం_స్రవంతి
సార్, ఒక పిల్లాడు అడిగిన ప్రశ్న: ఇంగ్లిష్‌లో మాటల వరస మారితే అర్థం మారుతుంది సరే, తెలుగులో వరస ఎట్లా మార్చినా అర్థం మారదు కదా, అప్పుడు కాంజీ ఏం చేసేవాడు?

కుప్పం_పదకోశం
ఆ పిల్లాడికి ముందే ఒక బహుమతి ఇచ్చేయండి.

ఇంగ్లిష్‌లో "ఎవరు ఎవరిని" అన్నది వరస చెప్తుంది. మనకి విభక్తి చెప్తుంది. "కుక్క పాముని కరిచింది", "కుక్కని పాము కరిచింది": కుక్క ముందు, పాము తర్వాత, రెండిట్లోనూ వరస ఒకటే. ఒక్క "ని" ఇటునుంచి అటు జరిగింది, కరిచినవాడు మారిపోయాడు. కాబట్టి తెలుగులో పరీక్ష పెట్టాలంటే ఆజ్ఞలు "కుక్కతో పాముని కరిపించు", "పాముతో కుక్కని కరిపించు", "పాముని కుక్కతో కరిపించు", "కుక్కని పాముతో కరిపించు" అని నాలుగు రకాలుగా ఉండాలి. మొదటిదీ మూడోదీ ఒకే అర్థం. మొదటిదీ నాలుగోదీ మాటల వరస ఒకటే, అర్థం తిరగబడింది. వరసను పట్టుకుని లాగేవాడు సరిగ్గా సగం తప్పుతాడు, విభక్తి విన్నవాడు నాలుగూ చేస్తాడు. చాలా శుభ్రమైన పరీక్ష.

కష్టం కూడా ఎక్కువే. "ని", "తో" వాక్యంలో ఒత్తి పలకని చిన్న ముక్కలు. "పాలూ బంతీ ఇవ్వు"లో రెండిటినీ కలిపేది చివర అచ్చు సాగడం మాత్రమే, ఇంగ్లిష్‌లోలా మధ్యలో విడి మాట కూడా లేదు. లెక్సిగ్రామ్ పలక మీద మాటకో గడి ఉంటుంది, "ని"కి విడిగా గడి పెడితే అది మాటకి అతుక్కునే ప్రత్యయంలా ఉండదు. మన పిల్లలు మూడేళ్లలోపే "అమ్మకి", "ఇంట్లో" అనేస్తారు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండా.

పలమనేరు_రవి
గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదు. "చింపాంజీ గొంతు నిర్మాణం వేరు, అందుకే మాట్లాడలేదు" అని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉంది. పిల్లలు కూడా అదే రాస్తారు. ఇప్పుడు అంత సూటిగా రాయకూడదు.

పాత ఆధారం: 1931లో కెలాగ్ దంపతులు గువా అనే చింపాంజీ పిల్లని తమ కొడుకు డోనాల్డ్‌తో కలిపి తొమ్మిది నెలలు పెంచారు. గువా ఒక్క మాటా అనలేదు. డోనాల్డే గువా అరుపులు అరవడం మొదలుపెట్టాడు. తర్వాత హేస్ దంపతులు విక్కీ అనే చింపాంజీని పెంచి, పెదవులు చేత్తో పట్టి ఆడించి మరీ నేర్పితే "మామా", "పాపా", "కప్", "అప్" అనే నాలుగే వచ్చాయి, అవీ గుసగుసగా. దీన్నిబట్టి లోపమంతా నాలుక, స్వరపేటిక ఉన్న చోటులోనే ఉందనుకున్నారు.

2016లో టెకమ్సే ఫిచ్ తదితరులు ఒక మకాక్ కోతి తింటున్నప్పుడు, అరుస్తున్నప్పుడు ఎక్స్‌రే వీడియో తీసి, దాని నోటి గొట్టం ఎన్ని ఆకారాలు తీసుకోగలదో కొలిచి, వాటినుంచి వచ్చే అచ్చుల్ని కంప్యూటర్లో లెక్కగట్టారు. అర్థమయ్యే మాటకి సరిపోయినన్ని అచ్చులు వచ్చాయి. అంటే గొట్టం సరిపోతుంది, దాన్ని తిప్పే తీగలే చాలవు. మనిషి మెదడు పైపొర నుంచి స్వరపేటికని కదిలించే నాడీకణాలకి నేరుగా దారి ఉంది. కోతుల్లో ఆ నేరుదారి లేదు, చింపాంజీల్లో చాలా పలచన. అందుకే అరుపు భయం, ఆకలి, కోపం వెంట వస్తుంది, తలుచుకున్నప్పుడు తలుచుకున్న శబ్దం రావడం కష్టం.

జన్యువు పేరు కూడా పిల్లలు రాస్తారేమో. ఫాక్స్‌పీ2 ప్రోటీన్‌లో మనకీ చింపాంజీకీ తేడా రెండు అమైనో ఆమ్లాలు. దాన్ని "భాషా జన్యువు" అని మాత్రం రాయించొద్దు. నోటి కదలికల్ని వరసగా నడపడంలో దానికి పాత్ర ఉంది, వాక్య నిర్మాణమంతా ఒక్క జన్యువులో ఉండదు.

నిర్వాహకుడు
చిలకల గురించి వచ్చిన నాలుగు వ్యాఖ్యల్ని వేరే చర్చకి మార్చాను. ఇక్కడ కోతులు, తోకలేని పెద్ద వానరాలు మాత్రమే ఉంచండి.

కాళహస్తి_మధు
కోతులు అన్నారు గనక. తిరుమల మెట్లదారిలో, తలకోనలో కనబడేవి బోనెట్ మకాక్‌లు. తోక ఉంది, చింపాంజీకి దూరపు చుట్టాలు. అలిపిరి దగ్గర కోతి కొబ్బరిముక్క కోసం సంచీ లాగడం తెలివే, భాష కాదు. కానీ వీటి హెచ్చరిక అరుపులు ప్రదర్శనకి మంచి సరుకు.

మొదటి పెద్ద పని కెన్యాలోని అంబోసెలిలో వెర్వెట్ కోతుల మీద జరిగింది. 1980లో సేఫార్త్, చెనీ, మార్లర్ రికార్డు చేసిన అరుపుల్ని దాచిన స్పీకర్లలో వినిపించారు. చిరుతపులి అరుపు వినగానే చెట్టెక్కాయి, గద్ద అరుపుకి పైకి చూశాయి, పాము అరుపుకి వెనక కాళ్ల మీద నిలబడి గడ్డిలోకి చూశాయి. అసలు జంతువు అక్కడ లేకపోయినా. పిల్ల కోతులు రాలే ఆకుని చూసి కూడా గద్ద అరుపు అరుస్తాయి, పెరిగేకొద్దీ సరిదిద్దుకుంటాయి.

దక్షిణ భారతదేశపు అడవుల్లో రిచర్డ్ కాస్, ఉమా రామకృష్ణన్ బోనెట్ మకాక్‌లకి చిరుత బొమ్మలు చూపించి పరీక్షించారు. కొండముచ్చు, కణుతుల హెచ్చరికలు వినిపించినా ఇవి స్పందించాయి. పక్క జాతి అరుపుని వాడుకోవడం అంటే అడవిలో చెవి పెట్టి బతకడం. శేషాచలంలో ఇవి, కొండముచ్చులు, చిరుతలు మూడూ ఉన్నాయి.

భాషకి ఎక్కడ తగ్గుతాయంటే, నిన్నటి చిరుత గురించి ఏ కోతీ ఇవాళ అరవదు. అరుపుల్ని కలిపి కొత్త అర్థం చేసే విషయంలో మాత్రం కొత్త ముచ్చట ఉంది. 2025 ఏప్రిల్‌లో కాంగోలోని కొకొలొపోరి అడవి బొనోబోల మీద సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం రెండేసి అరుపులు కలిపే పద్ధతుల్లో నాలుగు అర్థవంతమైన కూర్పులు, వాటిలో మూడింట్లో ఒక అరుపు రెండోదాని అర్థాన్ని మారుస్తోంది. మనుషుల పలక, సైగలు ఏవీ లేకుండా, అడవిలో, వాటి సొంత గొంతుతో. ప్రయోగశాలలో నిమ్‌ని కూర్చోబెట్టి "వాక్యం చెప్పు" అనడం కంటే ఇదే మెరుగైన దారి.

ఒక్క మనవి. మెట్లదారిలో కోతులకి తిండి చూపించి "ప్రయోగం" చేయొద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి. కరిస్తే రేబీస్ టీకాకి పరుగెత్తాలి.

కాణిపాకం_కిట్టు
అయితే గుర్తు నేర్చుకోవడం ఒక్కటన్నా ఒప్పుకుంటారా, అది కూడా లాగేస్తారా?

చంద్రగిరి_అయ్యవారు
ఒప్పుకుంటా, షరతుతో. లానా అనే చింపాంజీ 1970లలో అమెరికాలోని యెర్కిస్ వానర పరిశోధన కేంద్రంలో కంప్యూటరు మీటలు వరసగా నొక్కి "దయచేసి యంత్రమా ఇవ్వు" ఫలానాది అని తిండి తెప్పించుకునేది. చూడ్డానికి వాక్యమే. 1980లో థాంప్సన్, చర్చ్ ఆ వేల వాక్యాల్ని చూసి, ఆరు మూస వాక్యాలు, వాటిలో చివరి గడి మార్చడం, ఏ మూస ఎప్పుడు వాడాలో గుర్తుపెట్టుకోవడం, ఇంతే చాలు అని చూపించారు. "దయచేసి" అన్న మీట లానాకి మర్యాద కాదు, యంత్రం తెరుచుకునే మొదటి తాళం. అదే ఏడాది ఎప్‌స్టీన్, లాంజా, స్కిన్నర్ రెండు పావురాలకి మీటలు నేర్పి "ఏ రంగు?" అని ఒకటి అడిగినట్టు, రెండోది చెప్పినట్టు చేయించారు. బయటికి సంభాషణలా కనిపించే ప్రతిదీ సంభాషణ కాదని వాళ్ల ఎత్తిపొడుపు.

షర్మన్, ఆస్టిన్ అనే రెండు చింపాంజీలు దీనికి కొంత జవాబు చెప్పాయి. తిండి అని, పనిముట్టు అని రెండు గంపగుత్త గుర్తులు కొన్ని వస్తువులతో నేర్పారు. తర్వాత వస్తువు కాదు, వస్తువు గుర్తుని మాత్రమే చూపించి "ఇది తిండా, పనిముట్టా" అని అడిగారు. ఆ గుర్తుల మీద ఇలా అడగడం అదే మొదలు. షర్మన్ దాదాపు అన్నీ సరిగ్గా చెప్పాడు. ఒక్క స్పంజిని తిండి కింద వేశాడు. చింపాంజీలు రసం పీల్చుకుంటూ స్పంజి నమిలి మింగేస్తాయి. ఆ తప్పు మొత్తం పరీక్షలో నాకు నచ్చే భాగం. గుర్తు వెనక వాడికి ఒక వస్తువు, దాని వాడకం ఉన్నాయని మిగతా మార్కులకంటే అదే బాగా చెప్తోంది.

పద్మావతీపురం_స్రవంతి
చాలా స్పష్టంగా ఉంది. ఇక ప్రయోగం. చింపాంజీ మా దగ్గర లేదు, జూ పార్కులో జంతువుల దగ్గరికి పిల్లల్ని పంపలేం.

పలమనేరు_రవి
పెంపుడు కుక్క చాలు. చేజర్ అనే బోర్డర్ కోలీకి 1022 వస్తువుల పేర్లు తెలుసని 2011లో అచ్చయింది, పద్ధతి అక్కడిదే తీసుకుందాం. మీ పిల్లల్లో ఎవరిదైనా, వస్తువు పేరు చెప్తే తెచ్చే కుక్క కావాలి. నాలుగు వస్తువులు: బంతి, చెప్పు, తువ్వాలు, కొబ్బరిచిప్ప. పేర్లు ముందే తెలిసినవై ఉండాలి, ప్రదర్శన ముందురోజు నేర్పితే కుదరదు.

రెండు గదులు కావాలి. వెనక గదిలో నాలుగు వస్తువులూ వరసగా, ఒక్కోదానికీ మధ్య ఒక మీటరు. యజమాని ముందు గదిలో, వస్తువులు కనబడని చోట. ఒకరు డబ్బాలోంచి చీటీ తీసి యజమానికి చూపించాలి, చీటీని మళ్లీ డబ్బాలో వేయాలి. వేయకపోతే చివరి చీటీలు ఏవో అందరికీ తెలిసిపోతాయి, లెక్క చెడుతుంది. యజమాని పేరు ఒక్కసారే, ఒకే స్వరంలో పలకాలి. కుక్క వెనక గదిలోకి వెళ్లి తేవాలి. అక్కడ ఏది తీసిందో రాసే పిల్లాడికి పేరు వినబడకూడదు, చెవుల్లో పాట పెట్టండి, కాంజీ సహాయకుల్లాగే. ప్రతి వంతుకీ వస్తువుల చోట్లు చీటీతోనే మార్చాలి, పెట్టిన పిల్లాడు బయటికి వెళ్లిపోవాలి.

మొత్తం 20 వంతులు, అయిదింటికొకసారి విరామం. తెచ్చినది తప్పయినా బిస్కెట్ ముక్క ఇవ్వండి. సరైనదానికే ఇస్తే పరీక్ష మధ్యలోనే పాఠం అయిపోతుంది. గుడ్డిగా తెచ్చినా నాలుగింట్లో ఒకటి కాబట్టి 20కి సగటున 5 వస్తాయి. 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, అది అదృష్టం కొద్దీ వచ్చే అవకాశం నూటికి దాదాపు 4. ఎనిమిదికి అది 10 అవుతుంది, కాబట్టి ఎనిమిదికి సంబరపడొద్దు. వస్తువులవారీగా కూడా పట్టిక వేయండి. 20 సార్లూ బంతే తెచ్చే కుక్కకీ అయిదు మార్కుల దాకా వస్తాయి. వస్తువుల్ని వంతుకోసారి తుడవాలి, ఇందాక నోట కరిచినదానికి లాలాజలం వాసన ఉంటుంది.

ఇప్పుడు అసలు గమ్మత్తు. ఇంకో 20 వంతులు, యజమానిని వస్తువుల ఎదురుగా నిలబెట్టి చేయండి. "చూపు తిప్పొద్దు, కదలొద్దు" అని చెప్పినా సరే, మార్కులు సాధారణంగా పెరుగుతాయి. 1907లో బెర్లిన్‌లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ లెక్కలు చేసే గుర్రం హాన్స్ దగ్గర పట్టుకున్నది ఇదే. అడిగేవాడికి జవాబు తెలిస్తేనే గుర్రానికి తెలిసేది. ప్రశ్న అడిగి మనిషి తల కాస్త వంచితే డెక్క కొట్టడం మొదలు, సరైన అంకె రాగానే తెలియకుండానే తల ఎత్తితే ఆపేసేది. మీ రెండు మార్కుల మధ్య తేడాని పక్కపక్కన రెండు కమ్మీలుగా గీయండి.

సైగ_అక్క
రాసే పిల్లలకి ఒక నియమం: "దగ్గరకొచ్చింది", "ముట్టుకుంది", "దాదాపు" అనే గడులు పట్టికలో పెట్టనే వద్దు. నోట కరుచుకుని గది దాటితేనే తెచ్చినట్టు. కోకో పట్టికలకి పట్టిన జబ్బు ఇదే. 1998లో కోకోతో జరిగిన ఇంటర్నెట్ ముచ్చటలో "పెదవి" అంటే ఆడమనిషి అని పక్కనున్నవాళ్లు అర్థం చెప్పుకుంటూ పోయారు. అలా చెప్పుకుంటే తప్పు జవాబనేదే ఉండదు.

పద్మావతీపురం_స్రవంతి
చార్టు ఇలా మార్పించాను: పైన "గుర్తులు నేర్చాయి, మాటల వరస కొంత పట్టుకున్నాయి, కూర్చడం దగ్గర ఆగాయి, అడగడమే తప్ప చెప్పడం తక్కువ." కింద నిమ్ 16 సైగలు, కాంజీ అయిదు అంకెలు, కుక్క పరీక్ష పట్టిక. కోకో పేరు ఒక మూల "పెంచినవాళ్ల లెక్క" అని. సరిపోతుందా?

చంద్రగిరి_అయ్యవారు
"ఆగాయి" అనేదాని పక్కన "మనుషులు పెట్టిన పరీక్షల్లో" అని చేర్చమ్మా. మధు చెప్పిన బొనోబో అరుపుల తర్వాత అంత ఖాయంగా అనలేం. ఇంకో సంగతి, కాంజీ 2025 మార్చిలో 44 ఏళ్లకి పోయాడు. "వచ్చు", "చేస్తాడు" అని ఎక్కడున్నా "చేశాడు" అని దిద్దించు.

కాణిపాకం_కిట్టు
కుక్క పరీక్షకి మా టామీని తెస్తా అక్కా, దానికి చెప్పు, బంతి తెలుసు. కొబ్బరిచిప్పకి ఇంకా పేరు పెట్టలేదు, రెండు వారాల టైం ఇవ్వండి.